నలభై అక్షరాలూ చదవాల్సిందే

ఆ అచ్చాఫీసు యజమానికి ముక్కు మీదే కోపం. ఆయన తమ్ముడి భార్య, అంటే ఆ ఇంటి చిన్నకోడలు, కంప్యూటర్ పని చూస్తుంది. బావగారి కోపానికి బెదరడం ఆమెకు బొత్తిగా చేతకాదు. అందుకే ఆ మధ్యాహ్నం ఇద్దరూ ఢీ అంటే ఢీ అనుకున్నారు.

గొడవంతా కొత్త లేబుల్ మిషన్ గురించి. ఆస్పత్రి మందు సీసాలకు లేబుళ్ళు వేయాలి. మిషన్ వచ్చింది గానీ, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ వాళ్ళ లైనక్స్ కంప్యూటర్ మామూలుగా సాఫ్ట్‌వేర్లు తెచ్చుకునే సొంత భండారంలో లేదు. ఇంటర్నెట్‌లో బయటి చోటు ఒకటి కొత్తగా చేర్చి, అక్కడి నుంచి తెచ్చుకోవాలి. అలా వచ్చే ప్రతి ఫైలు మీదా కంపెనీ సంతకం ఉంటుంది. అది అసలు సంతకమో కాదో తేల్చేందుకు కీ అని మరో చిన్న ఫైలు ఉంటుంది. ఆ కీ ఎవరిదో చెప్పే గుర్తు, అక్షరాలూ అంకెలూ కలిపి నలభై, దానికి వేరే ఉంటుంది. బావగారు ఇంటర్నెట్‌లో ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి పెట్టిన ఆదేశమూ, కీ ఫైలూ పట్టుకొచ్చారు.

"ఇది అతికించి ఎంటర్ కొట్టు. నాలుగింటికి ఆస్పత్రి స్టోర్‌కీపర్ వస్తాడు."

ఆమె చదివి చెయ్యి వెనక్కి తీసుకుంది. "సంతకం చూడకుండానే నమ్మేయమని రాసుంది బావగారూ ఇందులో. నేను కొట్టను."

"ఆ ముక్క తీసేసి కొట్టు. కీ కూడా ఇచ్చాడుగా!"

"ఆ కీ ఎవరిదో?"

"కంపెనీదే. మిషన్ పుస్తకంలో అచ్చేసిన గుర్తుతో పోల్చి చూశాను. మొదటి నాలుగూ కలిశాయి, చివరి నాలుగూ కలిశాయి."

"ఆ గుర్తులో నలభై ఉంటాయి. మధ్యలో ముప్ఫై రెండు ఎవరు చూశారు?"

బావగారు గుడ్లురిమారు. "సాయంత్రంలోగా మిషన్ నడవకపోతే నువ్వు పైగదిలో బైండింగుకి వెళ్ళిపో. ఈ కుర్చీకి వేరే మనిషిని పెట్టుకుంటాను."

ఆ మాట గట్టిగానే తగిలింది. నాలుగేళ్ళు ఆ పైగదిలో కాగితాలు మడుస్తూ, తీరిక దొరికినప్పుడల్లా పని నేర్చుకుంటూ, నానా మాటలూ పడి సంపాదించుకున్న కుర్చీ అది. అయినా కీబోర్డు ముట్టుకోలేదు.

"అత్తయ్యా, ఒకసారి వస్తారా? చదవాలి."

ఆ ఆఫీసులో ప్రూఫు ఎప్పుడూ ఒక్కరే చూడరు. ఒకరు అసలు ప్రతి పైకి చదవాలి, మరొకరు పెన్సిలు పట్టుకుని అచ్చులో చూసుకోవాలి. మందుల లేబుల్ అయితే ఒక్కో అంకే విడివిడిగా పలకాలి. ఈ పద్ధతి పెట్టింది అత్తగారే. బావగారైతే కామా తప్పినా ఒంటికాలి మీద లేస్తారు. అంతటి మనిషికి కంప్యూటర్ తెర మీదివి మాత్రం అక్షరాల్లా కనిపించకపోవడం చోద్యమే!

అత్తగారు కళ్ళజోడు సర్దుకుని పుస్తకం అందుకుంది. మొదటి నాలుగూ కలిశాయి.

"అయిదోది, ఏడు," అంది అత్తగారు.

"ఇక్కడ డి ఉంది."

"ఆరోది, సి."

"ఇక్కడ రెండు."

"ఇంకా చదవమంటావా?"

"చదవండి. బావగారు వినాలి."

మధ్య ముప్ఫై రెండింటిలో ఏవో రెండు తప్ప ఒక్కటీ కలవలేదు. చివరి నాలుగూ చక్కగా కలిశాయి. కొసలు మాత్రమే చూసేవాళ్ళ కోసం ఎవడో పనిగట్టుకుని తయారుచేసిన దొంగ కీ అది.

"ఒరేయ్ పెద్దోడా, మొదటి అంకే చివరి అంకే చూసి మందు పోస్తారట్రా ఎవరైనా?" అంది అత్తగారు.

చిన్నకోడలు పుస్తకంలో ఉన్న నంబరుకే ఫోన్ చేసి, అసలు కీ ఎక్కడుందో కంపెనీవాళ్ళనే అడిగి తెచ్చుకుంది. మళ్ళీ అత్తాకోడళ్ళు నలభై చదివారు. నలభయ్యీ కలిశాయి. ఆ కీ కొత్తగా చేర్చిన చోటుకి తప్ప ఇంక దేనికీ పనికిరాకుండా కట్టడి చేసింది. అక్కడి నుంచి ఈ ఒక్క సాఫ్ట్‌వేర్ తప్ప మరేదీ రాకూడదని కూడా కంప్యూటర్ సెట్టింగుల్లో రాసిపెట్టింది. ఇదంతా అయ్యేసరికి నాలుగున్నర. స్టోర్‌కీపర్ వచ్చి అరగంటగా బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

"కంప్యూటర్ మొరాయించిందండీ. మన చేతుల్లో ఏముంది చెప్పండి," అన్నారు బావగారు నవ్వు పులుముకుని.

చిన్నకోడలికి ఒళ్ళు మండిపోయింది. "మొరాయించలేదండీ. నేనే ఆపాను. మాకు దొంగ కీ వచ్చింది. అది ఎక్కించి ఉంటే దొంగ సాఫ్ట్‌వేర్ లోపలికి వచ్చేసేది, మీ లేబుళ్ళలో ఎవడు ఏ అంకె మార్చినా మాకు తెలిసేది కాదు. మళ్ళీ వస్తే మళ్ళీ ఆపుతాను."

"నువ్వు లోపలికి వెళ్ళు," అన్నారు బావగారు పళ్ళు బిగించి.

"వెళ్ళను. పని మధ్యలో ఉంది."

స్టోర్‌కీపర్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "పోయిన నెల వేరేచోట వేయించామండీ. పసిపిల్లల మందు మీద సున్నా పోయింది, చుక్కా పోయింది. అర చెంచా కాస్తా అయిదు చెంచాలైంది. ఆఖరి నిమిషంలో నర్సు ఆపింది కాబట్టి సరిపోయింది. మీరు నిదానంగానే కానివ్వండమ్మా, నేను కూర్చుంటాను."

బావగారు కుర్చీ ఊసు మళ్ళీ ఎత్తలేదు. ఎత్తినా ఆమె లేచేది కాదు.