మగ్గాల కొట్టంలో రెండో పెట్టె

తెల్లారేసరికి ఆకాశమంతా మబ్బు పట్టి ఉంది. కురవదు, విడవదు. రంగు వేసిన పట్టుపోగు ఆరదని సిద్దయ్య మూడుసార్లు వాకిట్లోకి వచ్చి పైకి చూసిపోయాడు. కోడలు నిరోష అప్పటికే ఆసు చట్రం ముందు కూర్చుంది. పట్టుపోగును మేకుల చుట్టూ తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకి చెయ్యి వేలసార్లు పైకీ కిందికీ ఆడాలి. పోచంపల్లిలో ఇది ఆడవాళ్ల పని. ఇంటి పని కాబట్టి కూలి లేదు.

భుజం కన్నా నిన్నటి మాట ఎక్కువ సలుపుతోంది. వారం కింద కరెంటు పోయి వచ్చాక, మగ్గాల కొట్టంలోని ట్యాబ్, కొత్త కంప్యూటర్లోని కొత్త చీర గ్రాఫుకు బదులు పాత కంప్యూటర్లోని పోయినేటి గ్రాఫు తెరిచింది. అత్త ఆండాళు దాన్ని చూసే మూడు రోజులు పోగులకు రంగు అంటకుండా చిటికి ముడులు కట్టింది. మగ్గమెక్కించాక తెలిసింది, అంచు దగ్గర రెండు గళ్లు తక్కువని. ఆమె మూడు రోజుల చేతిపని మట్టిలో పోయింది. భర్త మురళీమోహన్ మాత్రం నిరోష మీదే లేచాడు.

"నల్గొండల కంప్యూటర్ డిప్లొమా చేసిన అంటివి, గీ మాత్రం తెల్వలేదా? రేపు చౌటుప్పల్ నుంచి బాగుచేసే మనిషొస్తడు. అటెంక గా కంప్యూటర్ గదికి తాళమేస్త. నువ్వు ఆసు పోసుకో, చాలు."

తాళం పడితే ఇక బతుకంతా ఆసే.

మురళి చీరలు ఇవ్వడానికి సొసైటీకి వెళ్లగానే ఆండాళు పక్కన వచ్చి కూర్చుంది. "లే బిడ్డా. ఆసు నేను పోస్త. నువ్వు పోయి గా మిషన్ల సంగతి చూడు."

పని పాడైంది ఆమెది. అయినా ఒక్క మాట అనలేదు.

నిరోష కంప్యూటర్లు, ట్యాబ్, ప్రింటర్, ఒక్కో యంత్రం దగ్గరికి వెళ్లి దాని నెట్‌వర్క్ నంబరు గ్రాఫు కాగితం వెనక రాసుకుంది. ట్యాబ్ నంబరు వేరే వరసలో ఉంది. వైరు పట్టుకుని పోతే దొరికింది, కొట్టంలో సిగ్నల్ అందదని మురళి తెచ్చి తగిలించిన రెండో రౌటర్. ఇంట్లోదీ నంబర్లు పంచుతోంది, ఇదీ పంచుతోంది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ నంబర్లు తారుమారు. కొత్త కంప్యూటర్‌దని మురళి ట్యాబ్‌కు అంటించిన చీటీలో నంబరు మాత్రం అదే, ఇప్పుడది పాత కంప్యూటర్‌కు పోయింది. రెండోదానికి సిగ్నల్ మోసే పనే ఉంచి పంచడం ఆపింది. మొదటిదాంట్లో ప్రతి యంత్రానికీ మారని నంబరు రాసి, దానికో పేరు పెట్టింది. ఇక ట్యాబ్ నంబరుతో కాదు, పేరుతోనే వెతుక్కుంటుంది. ప్రింటరైతే ఏ యంత్రం అడిగినా తనంతట తానే చెప్పుకుంటుంది, నేనిక్కడున్నాను, నాకు అచ్చువేయడం వచ్చు అని. దానికి మొహమాటం లేదు. పెళ్లిచూపుల్లో వంట వచ్చా అని అడిగితే తను తలూపింది. మిగతావి ఎవరూ అడగలేదు, తనూ చెప్పలేదు. నాలుగేళ్లయింది.

మధ్యాహ్నం మురళి వచ్చాక నిరోష అందరి ముందూ కరెంటు మెయిన్ ఆపింది. మళ్లీ వేసింది. ట్యాబ్‌లో కొత్త గ్రాఫే తెరుచుకుంది. మూడుసార్లు ఆపితే మూడుసార్లూ అదే. ఆండాళు గోరుతో గళ్లు లెక్కపెట్టుకుంది. "సరిపోయినయ్."

"నంబర్లు తారుమారు చేసింది కొట్టంల రౌటర్ పెట్టే" అంది నిరోష.

సిద్దయ్య కొడుకు వైపు తిరిగాడు. "గా పెట్టె తెచ్చినోనివి నువ్వే గదరా?"

మురళి ఫోను తీసి చౌటుప్పల్ మనిషికి చెప్పాడు. "ఇయ్యాల రాకన్నా. మేమే చేసుకున్నం."

"మేం గాదు, నేను చేసిన" అంది నిరోష. గొంతు పెంచలేదు. "ఇగ గీ పని నాది. ఆసు పొద్దుగాల నేను పోస్త, మాపు నువ్వు పొయ్యాలె."

"మొగోళ్లు ఆసు పోస్తరానే?"

"మగ్గం మీద ఆడే చెయ్యే గదా. ఆసు మీద ఆడదా?"

మురళి తండ్రి వైపు చూశాడు. సిద్దయ్య లేచి చేతులు కడుక్కున్నాడు. ఆండాళు అన్నం గిన్నె తెచ్చి మధ్యలో పెట్టింది. నలుగురూ కూర్చున్నారు. మురళి అలవాటుగా, వడ్డించమన్నట్టు కంచం నిరోష వైపు జరిపాడు. ఆమె తన కంచంలోనే అన్నం పెట్టుకుని పప్పు కలుపుకుంది. అతనే గరిటె అందుకుని వడ్డించుకున్నాడు.