సూదిపిట్ట లెక్క

కత్తెర ఇమ్మంటే మా ఆయన చక్కెర డబ్బా తెచ్చి నా కుట్టుమిషను మీద పెట్టిన రోజే నాకు అనుమానం రావలసింది. రాలేదు. పైగా "ధ్యాసంతా ఆ పిట్టల మీదే" అని కసిరాను. ఆయనేమైనా తక్కువ తిన్నాడా? "నువ్వే గొణుగుతావు, నోరు తెరిచి చెప్పొచ్చుగా" అని తిరిగి నన్నే అన్నాడు. పెళ్లయిన ముప్ఫై ఏళ్లలో నన్ను గొణుగుతావన్న మనిషి ఆయనొక్కడే. నేను పిలిస్తే మూడో వీధిలో వాళ్లు పలుకుతారు.

మా ఆయన గడియారాలు బాగుచేస్తాడు. ముందు గదే ఆయన కొట్టు, వెనక గదిలో నేను బట్టలు కుడతాను. గడియారం మూత తీయకుండానే చెవి దగ్గర పెట్టుకుని, లోపల ఏ చక్రం పన్ను అరిగిందో చెప్పేవాడు. ఆ చెవులంటే ఆయనకు మహా గర్వం. వాటి వల్లే ఊళ్లో సూదిపిట్టలను లెక్కపెట్టే పని కూడా ఆయనకు వచ్చిపడింది.

ఊరికి దిగువన కొంత పల్లపు నేల ఉంది. ఒకప్పుడు అక్కడ నీళ్లు నిలిచేవి, జమ్ము ఏపుగా పెరిగేది. ఎవరో కాలువ తవ్వి నీళ్లు బయటికి పంపేశాక అది ఎండిపోయి చెత్తకుప్ప అయింది. ఎనిమిదేళ్ల కిందట మా బడి పంతులమ్మ మా ఆయనతో కలిపి పదిమందిని పోగేసింది. ఆదివారం ఆదివారం వెళ్లి పగిలిన సీసాలూ పాత టైర్లూ ఏరారు. కాలువకు అడ్డంగా రాళ్లూ మట్టీ వేసి నీళ్లు నిలబెట్టారు. మోకాలి లోతు బురదలో జమ్ము దుంపలు నాటారు. మూడో ఏడు దాటేసరికి జమ్ము మనిషెత్తు లేచింది, అందులోకి సూదిపిట్ట వచ్చింది.

దాని అసలు పేరేదో పుస్తకంలో ఉందట. గొంతు సూదిమొనంత సన్నం కాబట్టి మావాళ్లు పెట్టుకున్న పేరిది. జమ్ములోంచి బయటికి రాదు, కంటికి కనబడదు. గొంతు వినే లెక్కపెట్టాలి. తెలియనివాళ్లు విన్నా పురుగనుకుంటారు. మొదటి ఏడు రెండున్నాయి, మరుసటి ఏడు నాలుగు. ఆ సంబరంలో మా ఆయన భోజనం మధ్యలో నాలుక పళ్లకు ఆనించి "స్సిర్ర్ర్" అని ఆ కూత నాకు వినిపించాడు. నోట్లో ముద్ద కాస్తా నా మీద పడింది.

అటుపైన వరసగా మూడేళ్లు సున్నా.

సున్నా రాసిన రోజు ఆయన ముఖం చూడలేకపోయేదాన్ని. నీళ్లు పాడయ్యాయేమో, జమ్ము మరీ దట్టంగా నాటామేమో అని తనలో తనే గుంజాటన పడేవాడు. "బాగుచేస్తామని వెళ్లి మనమే చంపేశామేమోనే" అన్నాడొకసారి. నా ప్రాణం చివుక్కుమంది.

ఈ ఏడు గ్రామ కమిటీ పట్టుబట్టింది. కమిటీ పెద్దను ఊళ్లో గొడుగాయన అంటారు. ఎండ లేకపోయినా వాన లేకపోయినా గొడుగు వదలడు. "పిట్ట కోసమన్నారు, ఊరుకున్నాం. పిట్టే లేనప్పుడు ఆ బురదెందుకు? కాలువ తెరిచేస్తే బండ్లు నిలుపుకోడానికి చోటొస్తుంది" అన్నాడు. పై ఆదివారం సమావేశంలో తేల్చేస్తామన్నారు. దానికి సరిగ్గా వారం ముందు ఆదివారమే ఆఖరి లెక్క.

ఆ పొద్దున ఆయన కళ్లజోడు మరిచిపోతే ఇచ్చి వద్దామని నేను వెళ్లాను. గట్టు మీద పెన్సిలు పట్టుకుని, జమ్ము వైపు తిరిగి, కదలకుండా నిలబడి ఉన్నాడు. "స్సిర్ర్ర్" అని వినబడింది. నేనూ పురుగే అనుకున్నాను. మళ్లీ వినబడింది. అప్పుడు ఆ భోజనం ముద్ద గుర్తొచ్చింది. కూత ఆయనకు నాలుగడుగుల దూరంలోంచి వస్తోంది. ఎడమ పక్కనుంచి ఇంకొకటి బదులు పలికింది. ఆయన తలవంచి పుస్తకంలో గుండ్రంగా సున్నా చుట్టాడు.

"ఏమైనా వినబడిందా?" అని గట్టిగా అడిగాను.

"ఎక్కడే! చీమ చిటుక్కుమంటే ఒట్టు" అన్నాడు.

కళ్లజోడు చేతిలో పెట్టి ఇంటికొచ్చేశాను. దారిపొడవునా అన్నీ అర్థమయ్యాయి. ఈ మధ్య తనకే తెలియకుండా గడియారాన్ని చెవికి కాకుండా దవడకు ఆనించి, దాని అదురు చూస్తున్నాడు. పంటినొప్పి అనుకుని లవంగాలు ఇచ్చాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. నోటిదురుసు మనిషినని పేరున్న నాకు నాలుగు రోజులపాటు నోరు పెగల్లేదు. ఆ చెవులు పోయాయని చెబితే ఆయన ఏమైపోతాడు? చెప్పకపోతే ఆ జమ్మేమైపోతుంది?

ఉండబట్టలేక పంతులమ్మ దగ్గరికెళ్లాను. ఆమె తల పట్టుకుంది.

"అయ్యో, నేనూ విన్నానక్కా! బావగారు లేదన్నాక ఇంక పురుగేలే అనుకున్నా. పోనీ, సమావేశంలో నేను చెప్పనా? ఆయన పేరెత్తనులే."

"ఆయన సున్నా రాశాడు, నువ్వు పిట్టలున్నాయంటావు. ఇంక పేరెత్తడం దేనికి? తన చెవుల సంగతి ఆయనకు పదిమందిలో తెలియాలా?" అన్నాను కోపంగా. "నేనే చెప్తాను. నువ్వు నోరెత్తకు."

శనివారం పొద్దున ఆయన వెంట గట్టుకెళ్లాను. "ఏంటి ఇవాళ కొత్తగా?" అని నవ్వాడు. కూత మొదలైంది. ఆయన మోచెయ్యి పట్టుకున్నాను.

"అదిగో, కూస్తోందండీ."

"ఏది కూస్తోంది?"

ఏం చెప్పను? నాలుక పళ్లకు ఆనించి, ఆయన నాకు నేర్పినట్టే "స్సిర్ర్ర్" అన్నాను. ఆయన నా నోటివైపు చూశాడు. జమ్ము వైపు చూశాడు. అది ఇంకా కూస్తూనే ఉంది. నా వేలు అటు చూపిస్తూనే ఉంది. ఆయన మెల్లగా గట్టు మీద కూలబడ్డాడు. నేనూ పక్కన కూర్చున్నాను. నాకు ఏడుపొచ్చేసింది.

పుస్తకం తెరిచి పట్టుకుని, "ఎన్ని?" అన్నాడు.

"ఇటొకటి. అటు రెండు. ఆ మూల ఇంకోటి ఉన్నట్టుంది."

"అయితే పోయింది నా చెవులేనా?" అన్నాడు. ఆయన కళ్లనిండా నీళ్లు, ముఖం మాత్రం వెలిగిపోతోంది. "పిట్ట పోలేదు కదా! మూడేళ్ల నుంచి మనమే పాడుచేశామని కుమిలి కుమిలి చస్తున్నానే! ఇంకోసారి చెప్పు, ఉన్నాయి కదా?"

"ఉన్నాయండీ" అని అరిచాను. పిట్టలు కాసేపు నోళ్లు మూసుకున్నాయి.

సమావేశంలో ఎవరూ అడగకముందే ఆయనే లేచాడు. "మూడేళ్ల సున్నాలూ పిట్టవి కావు, నావి. నాకు వినబడటం లేదు. నన్ను నమ్మొద్దు, రేపు పొద్దున మీరే వచ్చి వినండి" అని కూర్చున్నాడు. జనం ఏమైనా అన్నారో లేదో వినబడక నా వైపు చూశాడు. బాగా చెప్పారన్నట్టు తలూపాను.

మర్నాడు గొడుగాయన పిక్కల దాకా బురదలో దిగబడి మరీ విన్నాడు. "ఓర్నీ, ఇదా! నేను పురుగనుకుని మందు కొట్టిద్దామనుకున్నా" అన్నాడు. కాలువ తెరిచే మాట కమిటీ తీర్మానంలోంచి కొట్టేయించి, అందరి చేతా సంతకాలు పెట్టించాడు. కొట్టుకు ఇక ఎవరూ రారేమోనని నేను బెంగపడుతుంటే, ఆ సాయంత్రమే ఇద్దరు పాత గడియారాలు పట్టుకొచ్చారు. "కళ్లు బాగానే ఉన్నాయిగా మేస్త్రీ?" అని వేళాకోళం చేశారు. ఆ వారమే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళితే చెవికి మిషను ఇచ్చింది. మాటలు బాగానే వినబడతాయిగానీ అంత సన్నటి కూత అందుతుందని చెప్పలేనంది. అందలేదు.

ఆదివారం మళ్లీ లెక్క పెట్టాం. నేను విని వేళ్లు చూపించాను, ఆయన రాసుకున్నాడు. తొమ్మిది తేలాయి. పుస్తకం మూసి, ఇంటికి కదలకుండా అక్కడే నిలబడ్డాడు.

"బాధగా ఉందా?" అన్నాను.

"ఉండదా మరి? దాని గొంతు ఆఖరిసారి ఏ రోజు విన్నానో నాకు తెలీదు. ఏదో పనుందని గబగబా వచ్చేసుంటాను. అదే ఆఖరని తెలిస్తే, ఇంకాసేపు నిలబడేవాణ్నే."

నాకు కుట్టాల్సిన బట్టలు బోలెడున్నాయి. అయినా కదల్లేదు. పిట్టలు కూస్తున్నంతసేపూ నేను వింటూ నిలబడ్డాను. ఆయన నా ముఖం చూస్తూ నిలబడ్డాడు.