తిమ్మక్క పురుగుల గది

స్కూల్లో ఆరు క్లాసులు చెప్పి ఇంటికొచ్చేసరికి తడిసిన వడియాల గుడ్డ వంటింట్లో నా వంతుగా పడి ఉంది. ఒక్కొక్కటీ ఒలిచి ఫ్యాను కింద పరుస్తుంటే మా అత్తగారు అంబుజాక్షమ్మ హాల్లోంచి అడిగింది.

"వాన పడినప్పుడు మిద్దె మింద నుంచి ఎవురు తెచ్చినారు వీట్ని?"

తెచ్చింది నా కూతురు దీక్ష. పదమూడేళ్ళది. నెలసరి వచ్చి బయట కూర్చోవడం ఇవాళ్టికి రెండో రోజు. వెనక వరండాలో చాప మీద కూర్చున్న పిల్ల, చినుకులు చూసి, అమ్మ కష్టం పాడైపోతుందని మిద్దె మీదికి పరుగెత్తి, గుడ్డ తెచ్చి వంటింటి కిటికీలోంచి లోపల వేసింది. "మూడు దినాలే కదా, మా అమ్మను నొప్పించొద్దు" అని మా ఆయన మురళీధర అన్నప్పుడు, పదహారేళ్ళుగా నేనూ అక్కడే కూర్చుంటున్నాను కదా అని తలూపిన దాన్ని నేనే.

దీక్ష కిటికీలోంచి నా ముఖమే చూస్తోంది.

మా పుట్టినూరు దిబ్బూరహళ్ళిలో నాకూ ఒకప్పుడు అదే వయసు. మా నాన్న గుడి పూజారి. ఆ మూడు రోజులూ నన్ను పశువుల కొట్టం పక్క పంచలో కూర్చోబెట్టేవాళ్ళు. ఓ సాయంత్రం జోరువాన. పక్కింటి తిమ్మక్క గోడ మీదుగా చూసింది.

"గార్గమ్మా, ఆ జల్లులో ఏల కూర్చోనుండావు? మా ఇంట్లేకి రా."

"నేను దూరమక్కా."

"అయితే ఏమాయ? ఆకలి కాదా నీకు?"

చెయ్యి పట్టుకుని తీసుకుపోయి పట్టుపురుగుల గదిలో కూర్చోబెట్టింది. వాళ్ళింట్లో వెచ్చగా ఉండేది అదొక్కటే. వేడి సంగటి, చెనిగిత్తనాల ఊరుబిండి, అదే వేరుశనగ పచ్చడి, పెట్టింది. దూరమైన ఆడది గడప తొక్కితే పురుగు చస్తుందని ఊరంతా నమ్మే గది అది.

నాలుగు రోజులకు పురుగంతా నల్లబడి చచ్చిపోయింది. వానకు తడిసిన ఆకు వేస్తే వచ్చే రోగమని ఇప్పుడు తెలుసు. అప్పుడు నా వల్లే అనుకున్నాను. ఆమె మొగుడు గంగప్ప అరుపు గోడ దాటి వినబడింది.

"ఎవురే లోపలికొచ్చింది?"

"ఎవురూ రాలేదు. నేనే. దూరమై ఉండీ చెప్పకుండా పోతిని."

తర్వాత దెబ్బల చప్పుడు. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. మర్నాడు నన్ను చూసి ఎప్పటిలాగే నవ్వి, "అన్నం తింటివామ్మా?" అని అడిగింది ఆ తల్లి. పోయినేడు ఆమె కన్నుమూసేదాకా, ఆ రోజు నోరు విప్పని తప్పు ఆమె ముందు ఒప్పుకోలేకపోయాను. ఈ సిగ్గు నన్ను ఒకచోట నిలవనివ్వదు.

"నిన్నే అడుగుతాండేది గార్గీ!" అత్తగారి గొంతు పెరిగింది. "ఎవురు ముట్టినారో చెప్పు. అన్నీ పారేయల్ల."

స్కూలు నుంచి వస్తూనే నేనే తెచ్చానని అనేస్తే సరిపోతుంది. కానీ తిమ్మక్క అలాగే అని దెబ్బలు తింది, ఆ గది కట్టుబాటు మాత్రం చెక్కుచెదరలేదు. లేచి వెనక తలుపు బార్లా తీశాను. దీక్ష గడప దగ్గర ఆగిపోయింది. చెయ్యి పట్టి లోపలికి లాక్కున్నాను.

"దీక్ష ముట్టింది అత్తమ్మా," అన్నాను. "ఈ ఇంట్లో ఇంక ఎవురూ బయట కూర్చోరు. నేను కూడా."