ఇనుప గేటు మీది బిళ్ళ

పొద్దున ఇల్లు కదిలేముందు ఈశ్వరి మెడలో రెండు వేలాడతాయి. ఒకటి పసుపుతాడు, రెండోది మున్సిపాలిటీ కార్డు. రెండూ మొగుడు రామాంజివే. కార్డులో నవ్వే ఫొటో ఆయనది, కింద పేరు ఆయనది. దాన్ని తగిలించుకుని నాలుగు వీధుల చెత్త ఎత్తేది మాత్రం ఆమె. మామ పోయాక ఆ ఉద్యోగం కొడుక్కి వచ్చింది. మూడో నెలకే రామాంజికి నడుము పట్టేసింది. రెండేళ్లయినా ఆ పట్టు వదల్లేదు గానీ, టీ కొట్టు దాకా నడవడానికి ఏనాడూ అడ్డం రాలేదు. మొగుడి పనిలో పెళ్లాం చెయ్యి వేస్తే వింతేముందని అత్త మారెక్క తేల్చేసింది. వేసింది ఒక చెయ్యేనా అని ఈశ్వరి పైకి అడగలేదు.

ఏడాదిన్నర కిందట ప్రతి ఇంటి గేటుకూ ఒక బిళ్ళ అతికించారు. చెత్త తీసుకున్నాక చేతిమిషన్‌ని దానికి చూపాలి. కుయ్యిమంటే ఆ ఇంటి చెత్త ఎత్తినట్టు ఆఫీసులో నమోదవుతుంది. తడీ పొడీ వేరు చేసి ఇస్తే పచ్చ బొత్తాం నొక్కాలి, కలిపి ఇస్తే ఎర్రది. మిషన్ తెరుచుకోవాలంటే ముందు మెడలో కార్డు చూపాలి. వెంటనే తెర మీద 'స్వాగతం రామాంజి' అని వస్తుంది. ఈశ్వరికి రోజూ మొదటి పలకరింపు అదే.

ఎర్ర బొత్తాం నొక్కే ధైర్యం ఎవరికుంది? ఒకసారి ఉమాదేవమ్మ ఇంటికి నొక్కితే, ఆమె సూపర్‌వైజర్ గిరికి ఫోన్ చేసి నానా మాటలూ అంది. అప్పటినుంచి ఆ ఇంటి సాంబారు అన్నంలోంచి పసిపిల్ల డైపర్లు ఈశ్వరే చేత్తో ఏరి పచ్చది నొక్కుతోంది. చేతులు కడుక్కోవడానికి చెంబెడు నీళ్లడిగితే, కొళాయి నాలుగు రోజులకోసారి వస్తోందని ఆవిడ చెప్పింది. చెబుతూనే క్రోటన్ కుండీలకు నీళ్లు పోసింది.

ఆ ఇంటిది ఇనుప గేటు. మొదట్లో ఇనుప గేట్ల మీది బిళ్ళలు మోగేవి కావు. అందరూ మిషన్ పాడయిందన్నారు. ఈశ్వరి వారం రోజులు అటూ ఇటూ తిప్పి చూసి కనిపెట్టింది: ఆనించి పడితే మోగదు, జానెడు దూరంలో ఏటవాలుగా పట్టుకుంటే మోగుతుంది. ఆ సంగతి సంబరంగా మొగుడికి చెప్పింది. "నీకేం తెలుసే మిషన్ల గురించి, ముద్ద పెట్టు," అన్నాడు. ఆఫీసు మీటింగులో మాత్రం దాన్నే తన తెలివిగా చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు.

ఇప్పుడు పొడిచెత్త కేంద్రంలో మిషన్ నడిపే ఉద్యోగాలు పడ్డాయి. ఆడవాళ్లకే. బిళ్ళలకు చేతిమిషన్ చూపే పని ఏడాది చేసి ఉంటే చాలు. ఈశ్వరి గిరి దగ్గరికి పరిగెత్తింది. ఆమె చేసే పని ఆయనకు తెలియనిదా? తల గోక్కుని, "మిషన్లో నీ పేరు యాడా లేదక్కా. ఒక్క రోజు కూడా లేదు," అన్నాడు.

చేసేది తనేనని ఒక్కసారి ఆఫీసులో చెప్పమని మొగుణ్ణి బతిమాలింది. చెబితే తన ఉద్యోగం పోతుందన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది.

"అయినా నువ్వేం చేస్తాండావని? మోగేది మిషను, మోసేది బండి."

ఉత్తమ కార్మికుడిగా రామాంజి పేరు వచ్చిన కబురు ఆ మరుసటి రోజే అందింది.

సన్మానం నాడు పొద్దున్నే ఆమె మెడలోంచి కార్డు తీసుకుని, దానికి అంటిన చెమట తుడిచి తగిలించుకున్నాడు. ఇస్త్రీ చొక్కా, పైన శాలువా. పై ఆఫీసు నుంచి గౌతమి అనే అధికారి వచ్చింది. పని ఎలా జరుగుతుందో వీధిలోనే చూస్తానంది. గిరి అందరినీ ఉమాదేవమ్మ గేటు ముందుకు తీసుకెళ్లాడు.

రామాంజి మిషన్‌ని బిళ్ళకు గట్టిగా ఆనించాడు. మోగలేదు. తిప్పి ఆనించాడు, దులిపి ఆనించాడు. మీటింగులో తను చెప్పిన కిటుకు తనకే గుర్తు లేదు. శాలువా కింద చొక్కా తడిసిపోయింది. చివరికి వెనక నిలబడ్డ పెళ్లాం వైపు చూశాడు. రెండేళ్లలో వీధిలో ఆమెను అలా చూడడం అదే మొదలు.

"కొంచెం పట్టుకో రాక్కా," అని గిరి గొణిగాడు.

అలవాటు కొద్దీ ఈశ్వరి చెయ్యి లేచింది. జానెడు దూరం, ఏటవాలుగా. అంతే పని. ఆ చెయ్యి మెడ దగ్గర ఆగింది. అక్కడ కార్డు లేదు. మొగుడి ఉద్యోగం పోతే రేపటికి గింజలుండవని ఆమెకు తెలుసు. అయినా చెయ్యి దించేసి గౌతమి వైపు తిరిగింది.

"నాకేం తెలుసు మేడం మిషన్ల గురించి? రెండేండ్లుగా చేస్తాండేది ఆయప్పే కదా. నమ్మకుంటే మీ మిషన్నే అడగండి."