జేబులో నాలుగువందల పదిహేడు

నేను ఒక ఇత్తడి బిళ్ళని. అరచేతిలో ఇమిడిపోతాను. మీ ఇంట్లో ఇత్తడి చెంబు ఉంటే అది నాకు దగ్గర చుట్టమే. దాన్ని నీళ్ళకు పెట్టారు, నన్ను పోలీసు చొక్కాకు పెట్టారు. చింతపండుతో తోమితే ఇద్దరం మెరుస్తాం. తేడా అల్లా ఒకటే, చెంబు తన పని తాను చేస్తుంది.

తెల్లదొరల కాలంలో ఈ సముద్రపుటూరికి కొత్తగా నగర పోలీసు ఏర్పడినప్పుడు నన్ను పోతపోసి, ఒంటిమీద 417 అని చెక్కారు. ఉద్దేశం మంచిదే. కానిస్టేబులు తప్పు చేస్తే, పేరు తెలియని జనం కనీసం నంబరైనా చెప్పగలగాలని.

నా మొదటి యజమాని జోగారావు సంతలో ఒక బండివాడి చెంప పగలగొట్టాడు. బండివాడు నన్ను చదువుకుని పోయి దొరకు చెప్పాడు. జోగారావుకు జీతం కోశారు. దాంతో ఆయనకు బుద్ధి వచ్చింది. ఇకమీదట కొట్టేముందు నన్ను తీసి జేబులో వేసుకోవాలని! దొరలు ఓడెక్కి వెళ్ళిపోయారు. జెండా మారింది, టోపీ మారింది, నిక్కరు పాంటయింది. ఈ ఆచారం మాత్రం అత్తగారు కోడలికి పోపుల డబ్బా అప్పగించినంత భద్రంగా ఒకరి నుంచి ఒకరికి అందుతూ వచ్చింది. చుట్టముక్కల పక్కన, అగ్గిపెట్టెల పక్కన పడుకుని అన్నీ వినేదాన్ని. జేబుగుడ్డ చాలా పలచన.

చివరికి అసిరినాయుడి చొక్కా మీదికి వచ్చాను.

ఆఫీసర్ల కాలనీలో ఒకావిడ గొలుసు పోయింది. ఆ ఇంటికి తలుపులు బిగిస్తున్న వడ్రంగి కూర్మాచారిని స్టేషనుకు పట్టుకొచ్చారు. వెనకే పరుగెత్తుకొచ్చిన భార్య మాణిక్యమ్మ వరండా కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది.

"బిళ్ళలు తియ్యండ్రా," అన్నాడు అసిరినాయుడు, అన్నానికి ముందు చేతులు కడుక్కోమన్నంత మామూలుగా. తలుపు దగ్గర కాపలా ఉన్న లోకనాథం చెయ్యి చేసుకోలేదు. అయినా పద్ధతి పద్ధతే కనుక అతనూ తీశాడు. ఇద్దరివీ ఒకే కిళ్ళీ డబ్బాలో పడ్డాయి. సున్నం వాసనలో నేనూ, లోకనాథం నంబరు అరవైరెండూ.

బయటి చప్పుళ్ళు వర్ణించను. లాఠీ విరిగే చప్పుడు వేరు, మణికట్టు విరిగే చప్పుడు వేరు. ఆ రోజు లాఠీ విరగలేదు.

ఆపైన హడావుడిలో చూసుకోకుండా అసిరినాయుడు అరవైరెండును గుచ్చుకున్నాడు. నన్ను లోకనాథం పెట్టుకున్నాడు. చెయ్యి వేలాడుతున్న మొగుణ్ణి లేవదీయడానికి లోపలికి వచ్చిన మాణిక్యమ్మ, కొట్టినవాడి ఛాతీ మీది అంకెలు పెదాలు కదుపుతూ చదువుకుంది.

గొలుసు తర్వాత దొరికింది. ఆ ఇల్లాలే కందిపప్పు డబ్బాలో దాచి మర్చిపోయిందట. మతిమరుపుకు ఆవిడ మణికట్టు ఎవరూ విరగ్గొట్టలేదు. కూర్మాచారి కుడిచెయ్యి మాత్రం మళ్ళీ ఉలి పట్టలేదు.

మాణిక్యమ్మ ఫిర్యాదు చేసింది. విచారణ పెట్టి అందర్నీ వరసగా నిలబెట్టారు. అప్పటికి ఎవరి బిళ్ళ వాళ్ళకు చేరింది. ఆమె నేరుగా వచ్చి అసిరినాయుడి ముందు ఆగింది.

"ఈడే బాబూ."

విచారణాధికారి నా మీదికి వంగి చూశాడు. "అయితే నువ్వు చూసిన నంబరు నాలుగువందల పదిహేడు. అంతేనా?"

అవునను తల్లీ అని లోపల్లోపల మొత్తుకున్నాను. ఒక్క చిన్న అబద్ధం. ఆ గదిలో అందరూ ఆడుతున్నదే కదా!

"కాదండి. నాను సూసింది అరవైరెండు."

వరసలో ఎవడో కిసుక్కున నవ్వాడు.

"అరవైరెండు లోకనాథానిది సార్. ఆడు తలుపు కాడ కాపలా ఉన్నాడు," అన్నాడు అసిరినాయుడు ఎంతో వినయంగా.

"మొహం ఒకరిది, నంబరు ఇంకొకరిది అంటే ఎలాగమ్మా? ఎవర్ని రాసుకోమంటావు?"

"నంబరు మార్సుకుంటారు బాబూ. మొకం మార్సుకోమనండి సూద్దాం!"

లోకనాథం ఒక్క మాట అంటే చాలు. అతను తన బూట్లకేసి చూసుకున్నాడు. ఫిర్యాదుదారు గుర్తించలేకపోయిందని రాసి కేసు మూసేశారు. నిజం చెప్పి ఓడిపోయిన మనిషిని అంత దగ్గర్నుంచి నేనెప్పుడూ చూడలేదు. నా ఒంట్లో రాగి, తుత్తునాగం తప్ప మరేం లేవంటారు. మరి ఆ రోజు భగ్గుమన్నదేమిటో!

ఇప్పుడు ఇత్తడి పోయి పేరుపట్టీలు వచ్చాయి, అంటించి పీకే రకం. సూది తీసే శ్రమ కూడా లేదు, చర్రుమని ఊడొస్తాయి. నన్ను కమిషనరు ఆఫీసు కింది అంతస్తులో, చరిత్ర గదిలో గాజు కింద పెట్టారు. పక్కన కార్డు: "ప్రజలకు జవాబుదారీగా ఉండేందుకు మన పోలీసు తొలిసారి ధరించిన చిహ్నం. చివరగా ధరించినవారు శ్రీ అసిరినాయుడు." ధరించారు, నిజమే. పని లేనప్పుడల్లా ధరించారు.

మొన్న సోమవారం, అర్జీల రోజు, మాణిక్యమ్మ వచ్చింది. జుట్టు నెరిసింది. చేతిలో మళ్ళీ అదే ఫిర్యాదు రాసిన కాగితం ఉంది. కార్డు కూడబలుక్కుని చదివి గాజు మీద వేలు పెట్టింది.

"ఈ నాయుడు ఇప్పుడు యేడున్నాడమ్మా?"

గది చూసుకునే హోంగార్డు అమ్మాయి ముచ్చటపడింది. "నాయుడు సార్ మీకు తెలుసాండీ? ఎస్సై అయ్యారు. పైన ఎడంపక్క గది. పోలీసుల మీద ఫిర్యాదులన్నీ ఆయనే తీసుకుంటారు."

మాణిక్యమ్మ నవ్విందో ఏడ్చిందో గాజు మెరుపులో నాకు తెలియలేదు. కాగితం మడత సరిచేసుకుంది. చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తిపట్టుకుని మెట్లెక్కింది.