నాయన ఎడమ రెప్ప

గనుల లారీలు రాత్రింబవళ్ళు తిరిగే మా యశ్వంతనగర్‌లో మనిషి ఎర్రబడితే ఎవరూ డాక్టరును పిలవరు, సబ్బు ఇస్తారు. చర్చి బల్లలు, వీధి కుక్కలు, పెండ్లికూతురి చీర అంచు, అన్నీ ఇనుప మట్టి రంగే.

అందుకే నాయన గిద్యోను వీపు ఎర్రబారితే అమ్మ సౌభాగ్యమ్మ పీచు తీసుకుంది.

"ఎంత రుద్దినా ఈ దుమ్ము పోదేందయ్యా?"

"దుమ్ము కాదే, చర్మం! వదులు!"

నాయనకు కిడ్నీ క్యాన్సర్ ఆపరేషనైంది. ఊపిరితిత్తుల్లోకి పాకిన గడ్డలకు బళ్లారి డాక్టరమ్మ ఇమ్యునోథెరపీ సూదులు రాసింది. ఒంట్లోని కావలి బలగాన్ని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందు. అది ఒక్కోసారి సొంత ఒంటి మీదే తిరగబడుతుందట. దద్దు వచ్చినా, కండ్లూ కాళ్ళూ పట్టు తప్పినా వెంటనే చెప్పమంది. ఇంట్లో డిగ్రీ చదివింది నేనే కాబట్టి నాకు చెప్పింది. నేను నాయనకు చెప్పాను. నాయన మాత్రం వీపు సంగతి డాక్టరమ్మ దాకా పోనీయలేదు. గడ్డలు కరుగుతున్నాయి, చెబితే సూది ఆపేస్తారని ఆయన భయం.

ఆదివారం చర్చిలో నాయన కానుకల సంచి పట్టుకుని, పాటలు ఎత్తుకునే యూనీసత్త ముందు ఆగాడు. ఎడమ రెప్ప మెల్లగా వాలింది. లేచింది. మళ్ళీ వాలింది.

"ఏంది గిద్యోనప్పా, దేవుని సన్నిధిలో కన్ను కొడతాండావా?"

"దుమ్ము పడిందక్కా."

వెనక వరుసలో అమ్మ లేచింది. "ముప్పై ఏండ్ల కాపురంలో నాకు ఒక్కసారన్నా కొట్టినావా?"

చర్చంతా నవ్వింది. నాయన కూడా నవ్వబోయాడు; నవ్వు సగంలోనే జారిపోయింది. నీళ్ళిస్తే ముక్కులోంచి వచ్చాయి. నేను పరుగున ఆయన దగ్గరికి పోయాను.

"నాయనా, ఇది దుమ్ము కాదు. డాక్టరమ్మకు చెప్పాల."

"వద్దు లోయిస్. సూది ఆపితే గడ్డలు మళ్ళీ పెరుగుతాయి."

"చెప్పకపోతే ఊపిరే ఆగుతుందేమో!"

యూనీసత్త ఆయన చేతిలోని సంచి లాక్కుంది. "కన్ను కొట్టిన పాపం క్షమించినా. నోరు మూసుకుని మా పిల్లోని జీపెక్కు."

డాక్టరమ్మ సూది ఆపింది. నరం చెప్పిన మాట కండకు అందడం లేదంది, అది ఊపిరి కండలకూ పాకితే ప్రమాదమని ఆస్పత్రిలో చేర్చుకుంది.

"మరి గడ్డలు?" అడిగాడు నాయన.

"ఆపితే కొందరికి పెరుగుతాయి, కొందరికి పెరగవు. ముందు ఊపిరి సంగతి చూద్దాం."

కొన్నాళ్ళకు ఇల్లు చేరాడు. రెప్ప నిలబడింది. గడ్డల సంగతి తెలియడానికి స్కానింగ్ ఇంకా తీయాలి. ఆ ఆదివారం మళ్ళీ సంచి పట్టుకుని, ఈసారి నేరుగా అమ్మ ముందు ఆగాడు. ఎడమ కన్ను గట్టిగా మూసి తెరిచాడు.

"అయ్యో, మళ్ళీ వచ్చిందే!" అమ్మ చర్చి దద్దరిల్లేలా అరిచింది. "లోయిస్! జీపు పిలువు!"

నాయన నవ్వు ఈసారి జారలేదు.