నల్ల బంతికి తగిలిన గుండీ

ఈ గుండీ పీకి తీసుకెళ్ళి ఆ సెక్రటరీ నోట్లో కుక్కాలి, అనుకుంటూనే ఆమె కుర్చీలో బుద్ధిమంతురాలిలా నిటారుగా కూర్చుంది, కూర్చోక ఏం చేస్తుంది, స్నూకర్లో అవతలి మనిషి బల్ల దగ్గరున్నంతసేపూ ఇవతలి మనిషి చేయగలిగేవి మంచినీళ్ళు తాగడం, పళ్ళు నూరుకోవడం, అంతే, మహిళల ఛాంపియన్‌షిప్ ఫైనలు, అందులోనూ ఆఖరి ఫ్రేము, ఇది గెలిచినవాళ్ళదే కప్పు, రెండుసార్లు చేతిదాకా వచ్చి జారిపోయిన కప్పు, ఇందాకటిదాకా ముందున్నది తనే, దూరంగా ఉన్న పసుపు బంతి కొట్టడానికి బల్ల మీదకి వంగిందో లేదో ఈ కోటు, చేతుల్లేని కోటట, కోటా ఇది, గోనెసంచి, ముందుకు వేలాడి దీని చివరి గుండీ వెళ్ళి నల్ల బంతికి తగిలింది, రిఫరీ చూడలేదు, ఎవ్వరూ చూడలేదు, తనే లేచి నిలబడి తగిలిందండీ అని చెప్పింది, ఈ ఆటలో అంతే, తగిలిందని తెలిసినవాళ్ళు నోరు విప్పి చెప్పాలి, చెప్పింది, నల్ల బంతి విలువ ఏడు, పోయాయి ఏడు పాయింట్లు అవతలి అమ్మాయికి, ఆట కూడా ఆ అమ్మాయి చేతికే పోయింది, కోటు మాత్రం పోలేదు, ఒంటి మీదే ఉంది దిక్కుమాలింది.

అసలు ఇవి తమకి కుట్టించినవైతేగా, మొన్న మగవాళ్ళ పోటీలకి కుట్టించి, వాళ్ళు తొడుక్కోగా మిగిలినవి, పారేసేకంటే ఆడవాళ్ళకి పనికొస్తాయిగా అన్నాడట అసోసియేషను సెక్రటరీ, పొద్దున అందరి ముందూ ఎంత మర్యాదగా అడిగింది తను, కొలతలు మావి కావండీ, వంగితే వేలాడుతోందండీ, దయచేసి అని కూడా అంది, ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని ఆడవాళ్ళకి సూదీ దారం కొత్తా అమ్మా, రెండు కుట్లు వేసుకుంటే సరి అన్నాడు, గది గదంతా గొల్లున నవ్వింది, సరే అదీ చూద్దామని అక్క సంచిలోంచి సూది తీసింది, అక్కకి కుట్టుమిషనే బతుకు, ఇలా తే, చిటికెలో లోపలికి మడిచి కుట్టేస్తాను అంది, వీల్లేదన్నారు, మడిస్తే స్పాన్సరు పేరు సగం కనబడదట, పోనీ వెనక పిన్ను పెట్టుకుంటానంటే పిన్ను ఊడిపడి బల్ల మీది గుడ్డ చిరుగుతుందట, పోనీ అసలు తొడుక్కోనంటే కోటు లేకుండా బల్ల ముట్టుకుంటే ఫ్రేమే పోతుందట, ముందు నుయ్యి వెనక గొయ్యి, బల్ల మీది గుడ్డకున్న విలువ బల్ల దగ్గర నిలబడ్డ మనిషికి లేదు, అది కాదు, అది కాదు అసలు మండేది, పొద్దున ఆ గదంతా నవ్వినప్పుడు తనూ నవ్వింది, ఎందుకు నవ్వావే సిగ్గులేనిదానా, పెద్దమనిషి జోకేశాడు కదా నవ్వకపోతే పొగరంటారనా, నీకు అన్నం పెట్టిన చేత్తోనే అక్క ఆ సూది మళ్ళీ సంచిలో పెట్టుకుంటుంటే, చూస్తూ అప్పుడూ నవ్వావు కదే.

ఠప్, పసుపు పడింది, ఆ అమ్మాయి కొడుతోంది, పిచ్చుక, అసలు పేరు ఎవరికీ పట్టదు, ఇంతున్న మనిషి బల్ల చుట్టూ గెంతుతూ ఆడుతుందని అందరూ పిచ్చుకనే అంటారు, ఇన్నేళ్ళుగా ఎదురెదురుగా ఆడుతున్నా తను ఆమెతో పట్టుమని పది మాటలు మాట్లాడింది లేదు, ఇద్దరాడవాళ్ళకి ఎక్కడైనా పడుతుందా అని క్లబ్బులో అంటుంటే నిజమే కాబోలనుకుంది, ఆకుపచ్చ పడింది, పడు, నువ్వూ ఎక్కడో ఓచోట పడు, ఛీ ఏం మాటలివి, అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే, అక్క ఉంటే మొట్టికాయ వేసేది, ఉందిగా, మూడో వరసలో, పక్కన బావ, మా మరదలు ఆ కర్రతో మనల్ని కొట్టకుండా బంతుల్ని కొడుతోంది, మన పుణ్యం అని ఊరంతా చెప్పుకు తిరిగే బావ కూడా ఇవాళ గోళ్ళు కొరుక్కుంటున్నాడు, కోపం మింగి కొట్టకే, అది చేతిలోకి దిగుతుంది అనేది అక్క, మింగక ఎక్కడ కక్కను అక్కా, గోధుమరంగు కూడా పడింది, నీలం పడింది, పిచ్చుక ఏడు పాయింట్లు ముందుకెళ్ళిపోయింది, ఇక మిగిలినవి గులాబీ, నలుపు, గులాబీ కూడా పడిందంటే తను మూటా ముల్లె సర్దుకోవడమే, పిచ్చుక వంగింది, వంగుతూ ఏంటది, మోచేత్తో కోటు అంచు పొట్టకేసి అదిమిపెట్టుకుంటోంది, ఆ కోటు ఆమెకి తొడలదాకా వచ్చింది, ప్రతి దెబ్బకీ ఇలాగే అదుముకుంటోందా, ఇందాకట్నుంచీ చూస్తున్నా కళ్ళకి కనబడలేదే.

అదిమిన మోచెయ్యి జారింది, పిచ్చుక కొట్టలేదు, మెల్లగా లేచి నిలబడి తగిలింది అంది, ఏది తగిలిందమ్మా, నేను చూడలేదే అన్నాడు రిఫరీ, గుండీ, నల్ల బంతికి, అని చెప్పి తల వంచుకుని వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది, ఏడు పాయింట్లు తిరిగొచ్చాయి, ఇద్దరూ సమానం, ఆట తన చేతికి వచ్చింది, ఎగిరి గంతెయ్యాలి, కానీ అరికాలి మంట నెత్తికెక్కింది, ఆ పిల్ల ముఖం చూడు, ఎవరూ చూడని తప్పు తనంతట తనే ఒప్పుకుని దొంగలా తల వంచుకుంది, తప్పెవరిది, తల వంచుకున్నదెవరు, ముందు వరసలో కాలు మీద కాలేసుకున్నదెవరు, చేతులు వాటంతటవే గుండీల మీదకి పోయాయి, ఒకటి, ఇంకోటి, కోటు విప్పి కుర్చీ వీపుకి తగిలించింది, రిఫరీ గాభరాగా దగ్గరకొచ్చి, తొడుక్కో తల్లీ, లేకపోతే ఫ్రేము ఆ అమ్మాయికి ఇచ్చేయాలి, నా చేతుల్లో లేదు అన్నాడు, ఇచ్చేయండి అంది, అనేసింది, రెండుసార్లు పోయిన కప్పు మూడోసారీ పోతుంది, పోనీ, పిచ్చుక కదలకుండా కూర్చుంటే చాలు ఛాంపియను, ఎవరైనా కూర్చుంటారు, తనైతే కూర్చునేదా, ఏమో.

పిచ్చుక లేచింది, తన కోటూ విప్పింది, నాలుగు మడతలు పెట్టి కుర్చీలో పెట్టి, మరి నా ఫ్రేము ఎవరికిస్తారండీ అని అడిగింది, రిఫరీ సెక్రటరీ వంక చూశాడు, సెక్రటరీ లేచి నిలబడ్డాడు, కళ్ళజోడు పైకి తోసుకుని జనం వంక చూశాడు, మళ్ళీ కూర్చున్నాడు, వెనకనుంచి కానివ్వవే అని అక్క గొంతు, అక్క ఏడుస్తోందో నవ్వుతోందో, రిఫరీ తెల్ల గ్లౌజులు సరిచేసుకుని, ఆడండమ్మా అని పక్కకి తప్పుకున్నాడు, ఆమె క్యూ కర్ర కొసకి చాక్ రాసి వంగింది, పొట్టకి బల్ల చెక్క చల్లగా తగిలింది, కింద ఏదీ వేలాడటం లేదు, కోపం పోలేదు, ఎందుకు పోతుంది, కానీ చేతిలోకి దిగలేదు, గులాబీ పడుతుందో లేదో, పడకపోతే పిచ్చుక వదిలిపెట్టదు, వదలకూడదు కూడా, ఓడితే పిచ్చుక చేతిలో ఓడతాను, ఈ కోటు చేతిలో మాత్రం ఓడను.